ఏరుకు అడ్డం పడ్డ కొండ
(కవిత్వంలో పంచభూతాల పోటీ: అనంతపురం నుంచి చూస్తే)

మన కవులు పంచభూతాలను ఏనాడూ ఊరికే ఉండనివ్వలేదు. నిప్పు అడవిని తిందామంటే వాన అడ్డం వస్తుంది. ఏరు పారుదామంటే కొండ అడ్డం పడుతుంది. బూరుగు చెట్టు గాలితో 'నువ్వు నన్నేం చేయగలవు' అని సవాలు చేస్తుంది. స్కూల్లో ఇవన్నీ 'వర్ణనలు' అనే పేరుతో చదివాం, రెండు మార్కులకు రాశాం, మరిచిపోయాం. కానీ అనంతపురంలో ఉంటూ ఆ కథలే మళ్లీ తిరగేస్తుంటే నాకు ఒక అనుమానం పట్టుకుంది. ఈ పోటీల్లో న్యాయం ఎవరి వైపు ఉందో తేల్చేది కవి ఒక్కడే కాదేమో, ఆ చోట పడే వాన కూడానేమో! ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వాన పడే ఈ నేల మీద నిలబడి చదివితే, కొన్ని కావ్యాల్లో నాయకుడు ప్రతినాయకుడిలా, ప్రతినాయకుడు నాయకుడిలా కనిపిస్తున్నారు. ఆ సంగతే రాస్తున్నాను. నాది సివిల్ బ్రాంచి కాబట్టి మధ్యమధ్యలో కట్టలు, తూములు, మరవలు వస్తాయి. సర్దుకుపోవాలి.

ముందు ఈ ఐదుగురి బంధుత్వం చూద్దాం. తైత్తిరీయోపనిషత్తు చెప్పే వరసలో ఆకాశం నుంచి గాలి, గాలి నుంచి నిప్పు, నిప్పు నుంచి నీరు, నీటి నుంచి భూమి పుట్టాయి. గుణాలు కూడా అదే వరసలో పెరుగుతూ పోతాయని శాస్త్రకారులు చెప్పారు. ఆకాశానికి శబ్దం ఒక్కటే. గాలికి దానితో పాటు స్పర్శ ఉంది. నిప్పుకు రూపం చేరింది, నీటికి రుచి చేరింది, చివరగా భూమికి వాసన. తొలకరి చినుకు పడగానే గుప్పుమనే మట్టి వాసన అచ్చంగా భూమి సొత్తు, కాకపోతే నీళ్లు వచ్చి అడిగితేనే బయటికి తీస్తుంది. ఈ లెక్కన భూతాలు ఒకరికొకరు శత్రువులు కారు. ఒకే ఇంట్లో పుట్టిన వాళ్లు, మన పల్లెల మాటలో దాయాదులు. దాయాదుల తగాదా ఎలా ఉంటుందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. అందులో పగ తక్కువ, వాటా ఎక్కువ. గట్టు జానెడు జరిపావని మొదలై కోర్టు దాకా పోతుంది. మన కావ్యాల్లో భూతాల పోటీని నేను గట్టు తగాదాగానే చదువుతాను.

అన్నిటికంటే పేరున్న తగాదా ఖాండవ దహనం. శ్వేతకి మహారాజు చేసిన యాగాల్లో నెయ్యి తాగీ తాగీ అగ్నికి అజీర్తి చేసింది. దానికి మందు ఖాండవవనం. ఆ వనంలో ఇంద్రుడి స్నేహితుడు తక్షకుడు కాపురం ఉంటాడు కాబట్టి, అగ్ని అంటుకున్నప్పుడల్లా ఇంద్రుడు వాన కురిపించి ఆర్పేస్తాడు. చివరికి కృష్ణార్జునులు అగ్ని పక్షం చేరతారు. అర్జునుడు అడవి మీద బాణాల పందిరి వేసి వానను పైనే ఆపేస్తాడు. తెలుగులో ఇది నన్నయ రాసిన ఆదిపర్వంలో వస్తుంది.

వ్యాసుడి మూలంలో ఒక వివరం నన్ను ఆశ్చర్యపరిచింది. ఇంద్రుడు కురిపించిన వాన ధారలు నేలను తాకకముందే మంటల వేడికి ఆకాశంలోనే ఇంకిపోతాయి. వాతావరణ శాస్త్రంలో అలాంటి వానకు 'విర్గా' అని పేరు. మే నెల సాయంత్రాల్లో మన హాస్టల్ మేడ మీద నుంచి పడమటి వైపు చూడండి. మోడం కింద జడపాయల్లా వాన వేలాడుతుంటుంది, సగం దూరం దిగి మాయమైపోతుంది. కింద మనకు మిగిలేది చల్లగాలి, కాస్త దుమ్ము. నన్నయ ఉన్నది గోదావరి ఒడ్డున, రాజమహేంద్రవరంలో. ఆ నది పక్కన ఉన్న శ్రోతలకు నిప్పు వాన మీద గెలవడం అద్భుతరసం. మనకది వేసవిలో మామూలు సాయంత్రం.

ఆ కథలో ఇంకో లెక్క కూడా ఉంది. తగాదా అగ్నికీ ఇంద్రుడికీ. తక్షకుడేమో ఆ రోజు ఊళ్లోనే లేడు, కురుక్షేత్రానికి వెళ్లాడు. కాలిపోయింది అడవిలో ఉన్న మిగతా ప్రాణులు. బతికి బయటపడినవాళ్లు ఆరుగురే: తక్షకుడి కొడుకు అశ్వసేనుడు, మయుడు, నాలుగు శార్ఙ్గక పక్షి పిల్లలు. పెద్దల పోటీలో ఖర్చు ఎవరి ఖాతాలో పడిందో ఇలా విడిగా రాసి పెట్టుకుంటే, ముందు ముందు పనికొస్తుంది.

ఇప్పుడు మన జాగాకు వద్దాం. 1565లో తళ్లికోట యుద్ధంతో హంపీ నాశనమయ్యాక తిరుమలదేవరాయలు రాజధానిని పెనుకొండకు మార్చాడు. రామరాజభూషణుడు, అదే మన భట్టుమూర్తి, తన 'వసుచరిత్ర'ను అంకితమిచ్చింది ఈ తిరుమలదేవరాయలకే. భారతంలో నాలుగు మాటల్లో అయిపోయే కథను ఆయన ఆరు ఆశ్వాసాల ప్రబంధం చేశాడు. శుక్తిమతి అనే నదిని కోలాహలం అనే కొండ మోహించి, దారికి అడ్డం పడి, కదలనివ్వకుండా పట్టేసింది. వసురాజు వచ్చి కాలితో కొండను తన్నాడు. దారి దొరికి నది బయటపడింది. కొండకూ నదికీ పుట్టిన గిరికను రాజు పెళ్లాడాడు. శ్లేషలకూ సంగీతానికీ ఈ కావ్యాన్ని మించింది లేదని పండితులు అంటారు. నాకు తెలిసిన సంస్కృతానికి అందులో మూడో వంతు కూడా అందలేదు కానీ, అందినంతలోనే చెవికి హాయిగా ఉంది.

కథగా మాత్రం ఇది సాఫీగా మింగుడుపడదు. కొండ చేసింది బలాత్కారం, దాన్ని ప్రేమ అని సరిపెట్టడం నాకు నచ్చదు. రాజు తన్నాడంటే శభాష్ అంటాం. సరిగ్గా అక్కడే అనంతపురం బుద్ధి ఒకటి అడ్డు తగులుతుంది. నదికి అడ్డంగా కొండ నిలబడితే వెనక ఏమవుతుంది? నీళ్లు నిలుస్తాయి. అంటే చెరువు! దాన్ని ఎవడైనా కాలితో తన్ని పగలగొడతాడా?

పెనుకొండ కోట మీద నిలబడి కిందికి చూసినవాళ్లకు ఈ ప్రశ్న కొత్తది కాదు. ఆ చుట్టుపక్కల వ్యవసాయం నిలబడిందే వంకలకు అడ్డం వేసిన కట్టల మీద. తిరుమలదేవరాయల ఆస్థానంలో కూర్చుని వసురాజు తన్నును విన్న రైతు ఎవడైనా ఉంటే లోపల కొంచెం ఉలిక్కిపడి ఉంటాడని నా ఊహ. ప్రబంధాల సభలోకి రైతును రానిచ్చేవారా అన్నది వేరే ప్రశ్న.

కొండ పక్షాన వాదించే కవిత్వం లేదా అంటే, ఉంది. కాకపోతే పుస్తకంలో కాదు, బండ మీద. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర 1369 నాటి సంస్కృత శాసనం ఉంది, శ్లోకాల్లో. విజయనగరపు మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని ఇంకో పేరు, ఆ చెరువు కట్టించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని అని అందులోనే లెక్క చెప్పారు. అక్కడి కట్టడం కూడా చూడదగ్గది. సహజంగా ఉన్న కొండల మధ్య సందుల్లో మట్టి కట్టలు వేసి, మొత్తాన్ని ఒకే గోడగా కలిపారు. కోలాహలాన్ని తన్నడం కాదు, నాలుగు కోలాహలాలను చేయీ చేయీ పట్టించి నిలబెట్టడం అన్నమాట.

ఆ శాసనంలో మంచి చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెప్పారు. ధర్మం తెలిసిన రాజు, నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకనేల, తియ్యటి నీళ్ల ఏరు, దానికి ఆనుకున్న కొండ, బలంగా ఉండి మరీ పొడుగ్గా లేని కట్ట, లోతైన గర్భం, దగ్గర్లో నిడుపాటి రాళ్ల గని, కింద చదునైన సారవంతమైన పొలాలు, పనితనం ఉన్న మనుషులు... ఇలా సాగుతుంది. దోషాల్లో కట్ట నుంచి నీరు కారడం, చవుడు నేల, చెరువు మధ్యలో తాబేటి వీపులా మెట్ట ఉండటం, నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, లేదా నీళ్లు ఎక్కువై నేల తక్కువ కావడం ఉన్నాయి. ఇంకొకటి చాలా తెలివైన దోషం: రెండు రాజ్యాల సరిహద్దులో చెరువు ఉండటం. మన ఇరిగేషన్ పేపరులో సైట్ సెలక్షన్ ప్రశ్నకు ఈ జాబితా యథాతథంగా రాస్తే మార్కులు పడతాయి, ఆ సరిహద్దు దోషం ఒక్కటి తప్ప. అది సిలబస్‌లో లేదు. దాన్ని గుర్తు పెట్టుకోండి, చివర్లో మళ్లీ పని పడుతుంది.

ఇక అసలు కావ్యం. అనంతపురం పుట్టిందే ఒక చెరువు వల్ల. బుక్కరాయల కాలంలో పండమేరుకు అడ్డంగా పెద్ద చెరువు కట్టారనీ, ఒక కొసన వెలసిన ఊరు బుక్కరాయసముద్రం, రెండో కొసన అనంతసాగరం అనీ, ఆ అనంతసాగరమే తర్వాత అనంతపురమైందనీ చెబుతారు. పేర్లు చూశారా? ఒకటి సముద్రం, ఇంకొకటి సాగరం. రెండు ఊళ్లకూ నిజం సముద్రం వందల కిలోమీటర్ల దూరం. ఆలంకారికులు దీన్ని అతిశయోక్తి అంటారు. నాకు మాత్రం ఇది మొక్కులా వినిపిస్తుంది.

ఆ చెరువుకు ఒకసారి గండి పడబోయింది. బసిరెడ్డి కోడలు ముసలమ్మను బలి ఇస్తే తప్ప కట్ట నిలవదని దేవత మాటగా ఊరికి తెలిసింది. పేరు ముసలమ్మే కానీ ఆమె వయసులో ఉన్న కోడలు. అత్తామామలకు, భర్తకు చెప్పి తనంతట తానే గండిలోకి నడిచింది. కట్ట నిలిచింది. ఇప్పటికీ అక్కడ 'ముసలమ్మ కట్ట' అనే పేరు ఉంది. ఈ కథను కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణం' పేరుతో పద్యకావ్యం చేశారు. అది 1899లో ఆయన మద్రాసు క్రైస్తవ కళాశాల విద్యార్థిగా, కాలేజీ తెలుగు సమాజం పెట్టిన పోటీకి రాసింది. అప్పటికి ఆయనకు ఇరవై నిండలేదు. తర్వాత ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు, సాహిత్య విమర్శలో పెద్ద పేరు తెచ్చుకున్నారు. కానీ తెలుగులో ఆధునిక ఖండకావ్యాల చరిత్ర రాసేవాళ్లు మొదట తలచుకునే పుస్తకాల్లో ఈ కాలేజీ పోటీ రచన ఒకటి. కాలేజీ మ్యాగజైన్‌కు రాయమంటే 'సెమిస్టర్ అయ్యాక చూద్దాం' అనే మిత్రులు గమనించగలరు.

మనకు కావలసిన సంగతి వేరే ఉంది. కరువుకు మారుపేరైన ఊరికి దొరికిన తొలి ఆధునిక కావ్యం వరద గురించి ఎందుకుంది? ఇందులో వింతేమీ లేదు. వాన తక్కువ పడే చోట అది ఏడాది పొడవునా సమంగా పడదు. కొద్ది రోజుల్లో, ఒక్కోసారి రెండు రాత్రుల్లో, సగానికి సగం పడిపోతుంది. మట్టి కట్టకు రెండు గండాలు. ఒకటి నీరు కట్ట నెత్తి మీదుగా పొర్లడం. రెండోది లోపల సన్నటి దారి చేసుకుని మట్టిని కొంచెం కొంచెంగా మోసుకుపోవడం, మన పాఠంలో 'పైపింగ్' అని చదువుకుంటాం. మరవ చాలినంత వెడల్పు లేకపోతే మొదటిది వస్తుంది. ఎలుక బొక్కలు, చెట్ల వేర్లు పట్టించుకోకపోతే రెండోది వస్తుంది. పైగా మనవి గొలుసుకట్టు చెరువులు. పై చెరువు తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి. ఎదురుచూసి ఎదురుచూసి పిలిపించుకున్న చుట్టమే తలుపులు విరగ్గొట్టే రోజు అది. నీళ్లు రాకపోయినా చావే, వచ్చినా చావే అయిన చోట నీటికీ మట్టికీ జరిగే పోటీలో ఊరు మట్టి పక్షాన నిలబడుతుంది.

నిలబడింది సరే, ఖర్చు ఎవరి ఖాతాలో పడింది? కట్టను చూసుకోవలసిన పెద్దమనిషి బసిరెడ్డి. దేవత మాట మాత్రం బసిరెడ్డిని అడగలేదు, ఆయన కోడలిని అడిగింది. రామలింగారెడ్డి ముసలమ్మను నిండు గౌరవంతో, కన్నీళ్లు పెట్టించేలా చిత్రించారు. రాణి కాదు, అప్సరస కాదు, రెడ్డింటి కోడలు కావ్యనాయిక కావడం 1899లో చిన్న విషయం కాదు. అయినా ఆ త్యాగాన్ని మెచ్చుకుంటూ చదువుతుంటే నాకు మరవ గురించే ఆలోచన వచ్చింది. అది ఇంకో పది గజాలు వెడల్పుంటే ఆ అమ్మ ఇంట్లో పిల్లల్ని ఆడించుకుంటూ ఉండేది కదా! 'వసుచరిత్ర'లో నదీ పర్వతాల తగాదా గిరిక పెళ్లితో ముగుస్తుంది. ఇక్కడ నీటికీ మట్టికీ తగాదా ముసలమ్మ చావుతో ముగుస్తుంది. రెండుచోట్లా రాజీ పత్రం మీద సంతకం పెట్టింది ఆడపిల్లే.

మూడో అమ్మాయి గంగమ్మ. విద్వాన్ విశ్వం (1915–1987) మన శింగనమల దగ్గరి తరిమెల మనిషి. ఆయన 'పెన్నేటి పాట' 1950లలో వచ్చింది. రంగడు, గంగమ్మ అనే పేద దంపతుల కథ. ఈ కావ్యంలో భూతాల పోటీ వెతికితే మొదట నిరాశే. పోటీకి ఇద్దరుండాలి కదా. ఇక్కడ ఎండ ఉంది, గాలి ఉంది, ఇసుక ఉంది, ఆకాశం ఉంది, నీళ్లు హాజరు కాలేదు. నది పేరు మిగిలింది, నది పోయింది. భార్య పేరు గంగమ్మ, ఇంట్లో గంజి కరువు. కవి అలా పేరు కావాలని పెట్టాడో, మన ఊళ్లలో వీధికో గంగమ్మ ఉంటుంది కాబట్టి పెట్టాడో గానీ, కరువు నేల మీద ఆ పేరు ముల్లులా గుచ్చుకుంటుంది. శ్రీనాథుడి పేరు మీద ఒక చాటువు ప్రచారంలో ఉంది. నీళ్లు దొరకని పల్నాటి సీమలో దాహంతో ఉన్న కవి శివుడిని నిలదీస్తాడు, బిచ్చమెత్తుకునే నీకు ఇద్దరు పెళ్లాలెందుకు, పార్వతి చాలు గానీ గంగను ఇటు వదిలెయ్ అని. అక్కడ నీళ్లు లేకపోవడం మీద చమత్కారం చేసే ఓపిక ఉంది. దారిన పోయే కవి కాబట్టి ఉంది. ఆ ఊళ్లోనే ఉండాల్సిన వాళ్లకు ఆ ఓపిక ఉండదు. విశ్వం రాసింది ఉండాల్సిన వాళ్ల గురించి.

ఇప్పుడు గాలి వంతు. రామగిరి, వజ్రకరూరు, బెళుగుప్ప, ఉరవకొండ వైపు బస్సులో వెళ్లినవాళ్లంతా గాలిమరలు చూసే ఉంటారు. వాటి కింది పల్లెల్లో ఒక మాట బలంగా ఉంది: 'ఆ రెక్కలు మోడాలను తోలేస్తాండాయి, అందుకే వాన రాలే' అని. మన క్లాసులో ఈ మాట చెబితే నవ్వుతారు. లెక్క ప్రకారం నవ్వాల్సిందే. రెక్క కొస ఎంత పైకి లేచినా, వాన మోడాలు దానికి చాలా పైన. గాలిమర గాలి నుంచి బలం తీసుకుంటుంది, గాలిని పుట్టించదు.

కానీ నవ్వి ఊరుకుంటే సగం నిజం జారిపోతుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా ఆ రెక్కలను తిప్పేది నైరుతి గాలి. ఆ గాలి అరేబియా సముద్రం నుంచి నీళ్లు మోసుకొచ్చి, పడమటి కనుమలను గుద్దుకుని, అక్కడే బరువంతా దించేసి, ఇటు మన వైపు పొడిగా, జోరుగా దిగుతుంది. అంటే గాలిమర తిరగడానికీ వాన రాకపోవడానికీ తల్లి ఒకటే. రైతు రెండింటినీ పక్కపక్కన చూశాడు, బంధుత్వం ఉందన్నాడు. అక్కచెల్లెళ్లను తల్లీకూతుళ్లు అనుకున్నాడు, అంతే. అడ్డం పడింది మళ్లీ కొండే! కోలాహలం ఏరును ఆపితే సహ్యాద్రి ఏకంగా మేఘాన్ని ఆపింది. కొండకు అవతల ఉన్న కొడగువాళ్లకు ఆ అడ్డు వరం, ఇవతల ఉన్న మనకు శాపం. తన్నడానికి వసురాజు లేడు. ఉన్నా కొడగువాళ్లు ఒప్పుకోరు.

ఇంకో చిక్కు కూడా ఉంది. పాపమంతా గాలి మీద పెడితే వంక పూడ్చి ప్లాట్లు వేసినవాళ్లు, పక్కవాడి బోరు ఎండేదాకా తన బోరు దించినవాళ్లు హాయిగా తప్పించుకుంటారు. దేవుళ్ల మధ్య తగాదాగా చెప్పుకుంటే మనుషుల వాటాలు కనపడవు. ఈ విషయంలో పోరుమామిళ్ల శాసనం మన కావ్యాల కంటే నిజాయితీగా ఉంది. అందులో దోషం ఏ భూతానిదీ కాదు, చోటును ఎంచుకున్నవాడిది.

కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాలకు వెళితే ఈ పోటీ ఇంకా పూర్తి కాలేదని తెలుస్తుంది. అక్కడ వేదవతి, మనవాళ్లు హగరి అంటారు, ఏడాదిలో చాలా భాగం ఒట్టి ఇసుక. నైరుతి గాలులు లేవగానే ఏట్లోని ఇసుక లేచి పొలాల మీద కుప్ప పోస్తుంది. అచ్చం ఎడారి దిబ్బలే. గాలీ మట్టీ ఒక పక్షమై నీళ్లు లేని ఏటిని ఎత్తుకుపోతున్నాయి. అదే ఏటికి ఎగువన కర్ణాటకలో, హిరియూరు దగ్గర, 1907లో పూర్తయిన వాణీవిలాస సాగరం ఉంది. మన వైపు భైరవానితిప్ప ప్రాజెక్టు ఉంది. ఎగువన కట్ట వెనక పొలాలున్నవాళ్లకు ఆ అడ్డు పోరుమామిళ్ల చెరువులాంటి పుణ్యం. దిగువన ఇసుక ఎత్తిపోసుకునేవాళ్లకు అది కోలాహలం. రెండు రాజ్యాల సరిహద్దు అనే దోషాన్ని 1369లో బండ మీద చెక్కినవాళ్లు ఏం చూసి చెక్కారో గానీ, హగరి ఒడ్డున అది అర్థమవుతుంది. మొదట్లో చెప్పిన బూరుగు చెట్టు కథ మహాభారతం శాంతిపర్వంలోది. సవాలు చేసినంత సేపు చేసి, గాలి వస్తుందని తెలిశాక భయపడి, అది రాకముందే తన కొమ్మలు తానే రాల్చుకుంటుంది. గాలి మొదలు కాకముందే పెట్టే సర్దుకుని బెంగళూరు బస్సెక్కేవాళ్లను చూస్తే నాకు ఆ చెట్టే గుర్తొస్తుంది.

ఈ ఇసుక మీద పద్యం గానీ, పాట గానీ నా కంటపడలేదు. మన క్లబ్బులో ఆ మండలాల నుంచి వచ్చినవాళ్లు ఉన్నారు కదా, ఇంట్లో పెద్దవాళ్లను అడిగి చూడండి. ఉంటే రాసుకొచ్చి వచ్చే సంచికకు ఇవ్వండి. లేకపోతే మీరే రాయండి. 'ముసలమ్మ మరణం' లైబ్రరీలో దొరికితే ఒక సాయంత్రంలో చదివేయొచ్చు, చిన్న పుస్తకమే. కుదిరితే బుక్కరాయసముద్రం కట్ట మీద కూర్చుని చదవండి.